చందమామ మీది టైటానియం: మోసేవాడి లెక్క

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్, ఆర్టిలరీ, చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఏదైనా ఒక విషయం మీద మాట్లాడమన్నారు. "చందమామ మీద టైటానియం గురించి చెబుతాను సార్" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "సుబేదార్ సాబ్, పెన్షను ఫిక్సేషను గురించి అయితే జనం ఇంకా ఎక్కువ వస్తారు కదా" అన్నారు. నిజమే. అయితే ఈ విషయం కూడా చివరికి పెన్షను డబ్బుల దగ్గరికే వచ్చింది. ఎలాగో మెల్లగా చెబుతాను.

ముందు ఈ రెండు స్క్రూలు ఒకరి తర్వాత ఒకరు చేతిలో పట్టుకుని పక్కవాళ్ళకి అందించండి. రెండూ ఒకే సైజు. ఒకటి బజార్లో హార్డ్‌వేర్ షాపులో కొన్న ఉక్కుది. రెండోది నా ఎడమ కాల్లోంచి తీసింది. 2007 చలికాలంలో ఈస్టర్న్ సెక్టార్లో మంచు పట్టిన రోడ్డు మీద మా బండి జారి లోయ వైపు ఒరిగింది. మోకాలి కింది ఎముక రెండు ముక్కలైంది. ఆసుపత్రిలో ఎముక లోపల ఒక రాడ్డు దింపి, అటూ ఇటూ స్క్రూలు బిగించారు. రెండేళ్ళ తర్వాత ఒక స్క్రూ చర్మానికి గుచ్చుకుంటోందని తీసేసి, చిన్న సీసాలో వేసి నా చేతికిచ్చారు సర్జన్ గారు. "టైటానియం సాబ్, పారెయ్యకండి" అన్నారు. మిగతాదంతా ఇంకా నా కాల్లోనే ఉంది. విమానాశ్రయంలో ఒక్కోసారి యంత్రం కూత పెడుతుంది, ప్యాంటు పైకి లాగి మచ్చ చూపిస్తాను, సి.ఐ.ఎస్.ఎఫ్. కుర్రాళ్ళు సెల్యూట్ కొట్టి పంపిస్తారు.

చేతిలో పట్టుకున్నవాళ్ళకి ఇప్పటికే తెలిసుంటుంది. ఉక్కు స్క్రూ బరువు నూరు అనుకుంటే టైటానియంది యాభై ఏడు, యాభై ఎనిమిది. ఘన సెంటీమీటరుకి ఉక్కు 7.8 గ్రాములు, టైటానియం 4.5. బలంలో మాత్రం మంచి టైటానియం మిశ్రలోహం చాలా రకాల ఉక్కుకి తీసిపోదు.

నేను చదివింది ఇంటర్మీడియట్, ఎం.పి.సి. ఆ తర్వాత చదువంతా గన్ పొజిషన్లోనే. కాబట్టి నేను చెప్పేదాంట్లో సూత్రాలు తక్కువ, బరువులు ఎక్కువ ఉంటాయి. గన్నర్ని కదా, బరువు మోసిన నడుం మరిచిపోదు.

ఇక అసలు సంగతి. పోయినేడాది మనవాళ్ళలోనే ఒకాయన నాకు ఫోను చేశారు. పేరు వద్దన్నారు, సంగతి మాత్రం తప్పకుండా చెప్పమన్నారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో రెండు లక్షల డెబ్బై వేలు ఒకచోట కట్టారు. దేనికయ్యా అంటే, చంద్రుడి మీద టైటానియం గనిలో వాటా కోసం. వాళ్ళిచ్చిన రంగుల కాగితం మీద మన చంద్రయాన్ బండి ప్రజ్ఞాన్ బొమ్మ ఉంది. పక్కన "ఇస్రో కనుగొన్న టైటానియం నిధి" అని పెద్ద అక్షరాలు. ఇంకో మూడు లక్షలు కడితే దక్షిణ ధ్రువం బ్లాకులో వాటా ఇస్తారట, ఆఖరు తేదీ దగ్గరపడిందట. "నువ్వు పుస్తకాలు చదువుతావు కదా, కట్టమంటావా?" అని అడిగారు.

ఆయన తెలివితక్కువ మనిషి కాదు. గ్లేసియర్ మీద, చేతివేళ్ళు కొయ్యబారిపోయే చలిలో రేడియో సెట్టు విప్పి మళ్ళీ బిగించినవాడు. కానీ కూతురి పెళ్ళి దగ్గర పడింది, బ్యాంకు వడ్డీ చాలట్లేదు, పైగా కాగితం మీద ఇస్రో పేరు. మనం దేశం పేరు వింటే నమ్మేస్తాం, అది మన వృత్తి అలవాటు. నాకూ అప్పటికి ఏమీ తెలియదు. కొలత తెలియని టార్గెట్ మీద ఫైర్ ఆర్డర్ ఇవ్వకూడదు కాబట్టి, "పదిహేను రోజులు ఆగు, ఒక్క పైసా కట్టొద్దు" అన్నాను. ఆ పదిహేను రోజుల్లో, ఆ తర్వాత కూడా, చదివి తెలుసుకున్నదే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

టైటానియం అంటే ఎక్కడో దొరికే అపురూపమైన లోహం అనుకునేవాణ్ణి. కాదు. భూమి పైపొరలో దొరికే మూలకాల్లో అది తొమ్మిదోది. మా ఊరు శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నానికి దగ్గర, వంశధార సముద్రంలో కలిసే వైపు. చిన్నప్పుడు ఒడ్డున కొన్నిచోట్ల ఇసుక నల్లగా చారలు చారలుగా ఉండేది. ఎండాకాలం చెప్పుల్లేకుండా అడుగుపెడితే అరికాళ్ళు కాలిపోయేవి. పాడైన రేడియో స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం తాడుకి కట్టి ఆ ఇసుకలో ఈడ్చేవాళ్ళం, మీసాల్లాగ రేణువులు అంటుకునేవి. గట్టిగా అంటుకునేది ఇనుప ఖనిజం మాగ్నటైటు. దాని పక్కనే, అంత తొందరగా అంటుకోని నల్ల రేణువుల పేరు ఇల్మనైటు. టైటానియం వచ్చేది ప్రధానంగా దాన్నుంచే. భీమునిపట్నం దగ్గరా అలాంటి ఇసుక ఉంది. ఒడిశాలో గోపాల్‌పూర్ పక్కన ఛత్రపూర్‌లో దాన్ని తవ్వి వేరుచేసే కర్మాగారమే ఉంది. ఎయిర్ డిఫెన్స్ వాళ్ళు గోపాల్‌పూర్‌లో ట్రైనింగ్ చేస్తూ రోజూ పొద్దున్నే ఆ ఇసుక తీరం వెంబడే పరిగెత్తి ఉంటారు. కేరళలో చవర దగ్గరా ఇంతే.

తమాషా ఏమిటంటే, 1791లో ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోట విలియం గ్రెగర్ అనే చర్చి ఫాదరు ఈ లోహాన్ని కనిపెట్టింది కూడా నల్ల ఇసుకలోనే. 1795లో క్లాప్రోత్ అనే జర్మన్ శాస్త్రవేత్త దానికి గ్రీకు పురాణాల్లోని టైటాన్ల పేరు పెట్టాడు. పేరైతే పెట్టారు గానీ లోహాన్ని శుద్ధంగా విడదీయడానికి 1910 దాకా పట్టింది. టన్నుల లెక్కన తయారుచేసే పద్ధతిని క్రోల్ అనే ఆయన 1930, 40 ప్రాంతంలో కనిపెట్టాడు. అంటే ఖనిజం కాళ్ళ కింద పడి ఉన్నా, చేతికి రావడానికి నూట యాభై ఏళ్ళు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చంద్రుడి దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఎందుకంత కష్టం? టైటానియం ఆక్సిజన్‌ని ఒకసారి పట్టుకుంటే వదలదు. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కొలిమిలో వేసినట్టు వేస్తే కుదరదు. ముందు క్లోరిన్‌తో కలిపి ద్రవంగా మార్చాలి, ఆ తర్వాత గాలి తగలకుండా మెగ్నీషియంతో విడదీయాలి. అప్పుడు స్పాంజి లాంటి లోహం వస్తుంది. దాన్ని మళ్ళీ శూన్యంలో కరిగించి దిమ్మెలు పోయాలి. మధ్యలో ఆ ద్రవానికి గాల్లో తేమ తగిలిందా, దట్టమైన తెల్లపొగ. ఒకప్పుడు నౌకాదళాలు పొగతెర వెయ్యడానికి దాన్నే వాడేవి. మన దేశంలో టైటానియం స్పాంజి కర్మాగారం చవరలో 2011లో మొదలైంది. అందులో పరిజ్ఞానం హైదరాబాదులో ఉన్న డి.ఎమ్.ఆర్.ఎల్. వాళ్ళది. ఆ పక్కనే కంచన్‌బాగ్‌లో మిధాని ఉంది, 1973లో పెట్టినది. ఇస్రోకి, రక్షణ శాఖకి టైటానియం మిశ్రలోహాలు అందించేది అదే. మన తెలుగు నేల మీద ఇంత పని జరుగుతోందని నాకు కాలు విరిగేదాకా తెలియదు, సిగ్గుగానే చెబుతున్నాను.

తవ్విన టైటానియం ఖనిజంలో నూటికి తొంభై పాళ్ళు లోహమే కాదు, తెల్లరంగుగా మారుతుంది. గోడల పెయింటు, కాగితం, కొన్ని టూత్‌పేస్టులు. "కదిలితే సెల్యూట్ కొట్టు, కదలకపోతే చూనా కొట్టు" అని యూనిట్లో జోకు ఉంది కదా. వి.ఐ.పి. విజిట్ ముందు మనం గోడలకీ గేట్లకీ కొట్టిన తెల్ల పెయింటులో ఉన్నది ఈ టైటానియమే.

లోహంగా దాని గుణం ఏమిటంటే, గాలి తగలగానే పైన సన్నని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. గీత పడితే ఆ పొర మళ్ళీ తనంతట తానే కట్టుకుంటుంది. అందుకే సముద్రపు నీటిలో ఏళ్ళ తరబడి పడి ఉన్నా తుప్పు పట్టదు. నేవీ వాళ్ళకి దీని విలువ నాకంటే బాగా తెలుసు. సోవియట్ వాళ్ళు టైటానియం ఒళ్ళుతో జలాంతర్గాములు కట్టారు, అందులో కొమ్సొమొలెట్స్ అనేది 1984లో వెయ్యి మీటర్ల లోతు దాటి దిగింది. ఒంట్లో పెడితే రక్తమాంసాలు దాన్ని శత్రువుగా చూడవు. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు 1950లలో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే రాలేదట, ఎముకే దాన్ని కరిచి పట్టుకుంది. ఇవాళ పళ్ళు కట్టించుకునే ఇంప్లాంటు అక్కణ్ణుంచే వచ్చింది. ఇంకొకటి మా సర్జన్ గారు చెప్పారు. ఉక్కు మరీ బిర్రుగా ఉంటుంది, భారమంతా తానే మోసేసి ఎముకని సోమరిని చేస్తుంది. టైటానియం బిర్రు ఉక్కులో సగమే, కొంచెం వంగుతుంది, ఎముకకి కూడా పని మిగులుస్తుంది. మంచి జె.సి.ఓ. లాగ అన్నమాట. పని తనే చేసెయ్యడు, జవాను చేత చేయిస్తాడు.

దీనికి చెడ్డ గుణాలూ ఉన్నాయి. కొయ్యడం, తొలచడం కష్టం. సన్నటి రజను అంటుకుంటే నీళ్ళతో ఆరదు. అమెరికా వాళ్ళు ఎస్.ఆర్.-71 అనే గూఢచారి విమానాన్ని దాదాపు మొత్తం టైటానియంతో కట్టారు. ధ్వనికి మూడింతల వేగంలో వచ్చే వేడికి అల్యూమినియం ఆగదు మరి. వేసవిలో తయారైన భాగాల్లో వెల్డింగులు తొందరగా ఊడిపోతుంటే ఆరా తీశారు. ఊరి నీటిలో వేసవిలో కలిపే క్లోరిన్ ఎక్కువ, ఆ నీళ్ళతో కడిగినందుకు వచ్చిన తిప్పలు! అంతకంటే తమాషా, ఆ విమానానికి కావలసిన ఖనిజంలో చాలా భాగం వేరే పేర్లతో సోవియట్ దేశం నుంచే కొన్నారు. ఎవరి మీద నిఘా పెట్టాలో వాళ్ళ సరుకుతోనే.

నా మటుకు నాకు టైటానియం అర్థమైంది ఫిరంగిలో. నేను సర్వీసులో ఎక్కువ కాలం ఉన్నది బోఫోర్స్ మీద. గట్టి గన్ను, కార్గిల్లో దాని పని లోకమంతా చూసింది. కానీ బరువు సుమారు 12 టన్నులు. రోడ్డు ఎక్కడ ఆగితే అక్కడే మన ఫిరంగి కూడా ఆగిపోయేది. నేను రిటైరైన తర్వాత, 2016 నవంబరులో, 145 ఎం-777 ఫిరంగులకి ఒప్పందం కుదిరింది. మొదటి రెండూ 2017 మేలో వచ్చాయి, 2018 నవంబరులో దేవలాలీలో సైన్యంలో చేర్చారు. అది కూడా 155 మిల్లీమీటర్లదే. బరువు సుమారు 4,200 కిలోలు! దాని చట్రంలో ఎక్కువ భాగం టైటానియం. చినూక్ హెలికాప్టరు కింద వేలాడదీసి రోడ్డు లేని కొండ మీద దింపేస్తున్నారు. దేవలాలీ వెళ్ళినప్పుడు ఒక కుర్రాడు నాకు దాన్ని చూపించాడు. చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాను. మా రోజుల్లో ఇది ఉంటే ఎన్ని నడుములు మిగిలేవో అనిపించింది.

ఇప్పుడు చంద్రుడి దగ్గరికి పోదాం.

చందమామలో కుందేలు ఉందని మనకి చిన్నప్పుడు చెప్పారు. ఆ కుందేలు ఆకారంలో కనిపించే నల్లటి మచ్చలు మూడు, నాలుగు వందల కోట్ల ఏళ్ళ కిందట లావా పారి గట్టిపడిన మైదానాలు. వాటిని సముద్రాలంటారు గానీ చుక్క నీరు లేదు. 1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ దిగింది ప్రశాంత సాగరం అనే మచ్చలో. వాళ్ళు తెచ్చిన నల్లరాళ్ళని పరీక్షిస్తే అందరూ ఆశ్చర్యపోయారు. మన భూమ్మీద అలాంటి లావా రాళ్ళలో టైటానియం ఆక్సైడు సాధారణంగా నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళు. ఆ రాళ్ళలో ఎనిమిది, పది, కొన్నిట్లో ఇంకా పైన. ఎక్కువ భాగం ఇల్మనైటు రూపంలోనే. మా కళింగపట్నం నల్ల ఇసుకలో ఉన్న అదే ఖనిజం! కొత్త టైటానియం ఖనిజం కూడా ఒకటి దొరికింది. దానికి ముగ్గురు వ్యోమగాముల పేర్ల ముక్కలు కలిపి ఆర్మాల్కొలైట్ అని పేరు పెట్టారు. పైన ఒంటరిగా ఓడ నడుపుతూ ఉండిపోయిన కాలిన్స్ పేరు కూడా అందులో కలిపినందుకు నాకు సంతోషం వేసింది. డ్రైవర్ని మరిచిపోలేదు.

1972 డిసెంబరులో అపోలో-17 వాళ్ళు వెళ్ళిన చోట కూడా టైటానియం ఎక్కువే. తర్వాత పైనుంచి ఫొటోలు తీసి, టైటానియం ఎక్కువున్న మైదానాలు కొంచెం నీలం వైపు మొగ్గుతాయన్న తేడాని బట్టి మ్యాపులు గీశారు. 1994లో క్లెమెంటైన్, 2011లో ఎల్.ఆర్.ఓ. అనే ఉపగ్రహం ఆ పని చేశాయి. కాబట్టి చంద్రుడి మీద టైటానియం ఉందన్నది అబద్ధం కాదు. రంగుల కాగితం అబద్ధం చెప్పింది వేరేచోట.

2023 ఆగస్టు 23 సాయంత్రం మన విక్రమ్ దిగింది దక్షిణ ధ్రువం వైపు, సుమారు 69 డిగ్రీల అక్షాంశం దగ్గర. ప్రజ్ఞాన్ లేజరుతో మట్టిని కొట్టి చూస్తే గంధకం కనిపించింది, అల్యూమినియం, కాల్షియం, ఇనుము, క్రోమియం, టైటానియం, మాంగనీసు, సిలికాన్, ఆక్సిజన్ కూడా కనిపించాయి. అంటే, అక్కడ టైటానియం ఉంది. ఎంత అన్నది ఆ జాబితా చెప్పలేదు. మా ఓ.పి. భాషలో చెప్పాలంటే టార్గెట్ కనబడటం వేరు, రేంజి తెలియడం వేరు. 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ చోట ఉన్నది తెల్లని ఎత్తునేల మట్టి. టైటానియం దండిగా ఉండేది మనకి కనబడే వైపు నల్లని మైదానాల్లో, ఎత్తునేలల్లో కాదు. "దక్షిణ ధ్రువం టైటానియం బ్లాకు" అని అమ్మినవాడికి మ్యాపు చదవడం కూడా రాదన్నమాట.

సరే, నల్ల మైదానంలోనే గని పెట్టాడనుకుందాం. మోసుకురావడం మాటేమిటి? ఇక్కడ నా లెక్క వినండి. అపోలో ఆరు దఫాలు దిగి మొత్తం తెచ్చిన రాళ్ళూ మట్టీ 382 కిలోలు. అదంతా పది పాళ్ళ టైటానియం ఆక్సైడు ఉన్న మేలురకమే అనుకుంటే 38 కిలోల ఆక్సైడు. అందులో టైటానియం లోహం అరవై పాళ్ళు, అంటే సుమారు 23 కిలోలు. అపోలోకి అయిన ఖర్చు ఆనాటి డబ్బులో 2,500 కోట్ల డాలర్లు. 23 కిలోల టైటానియం ఇక్కడ కొంటే పాత మోటారు సైకిలు ధర దాటదేమో!

మన లెక్కే తీసుకోండి. 640 టన్నుల రాకెట్టు శ్రీహరికోట నుంచి లేచింది. చివరికి చంద్రుడి మీద తిరిగిన బండి 26 కిలోలు. అంటే కాన్వాయ్ కాన్వాయ్ బయల్దేరితే పోస్టుకి చేరింది ఒక జవాను వీపు మీది బరువు.

ఇక్కడ నాకు గ్లేసియర్ గుర్తొచ్చింది. 1996లో ఓ.పి. పార్టీలో పైన ఉన్నాను, 18 వేల అడుగుల పైన. అక్కడ పనిచేసినవాళ్ళు ఈ హాల్లో ఇంకో నలుగురైదుగురు ఉన్నారు, నేను తప్పు చెబితే ఆపండి. కింద బజార్లో ఒక వస్తువు ధర ఎంత అన్నది పైన ఎవడికీ పట్టదు. చీతా హెలికాప్టరు ఆ ఎత్తులో మోసేది కొద్ది కిలోలే. బ్యాటరీ తేవాలా, కిరసనాయిలు తేవాలా, ఉత్తరాలు తేవాలా అని లెక్క. మా నాన్న పోయాడన్న ఉత్తరం కూడా కిరసనాయిలు డబ్బాల తర్వాత ట్రిప్పులోనే వచ్చింది, నేనెవర్నీ తప్పు పట్టలేదు.

అయితే ఒక్కటి గమనించండి. మా పోస్టుకి తాగేనీళ్ళు ఎవరూ మోసుకురాలేదు. చుట్టూ మంచే. కిరసనాయిలు మోసుకొచ్చి, పెద్ద డేగ్చా నిండా మంచు వేసి గంటలకొద్దీ కాస్తే పావు వంతు నీళ్ళు. అంటే నీరు అక్కడే ఉంది, దాన్ని విడిపించే మంటని మాత్రం మనం మోసుకుపోయాం.

చంద్రుడి మీది ఇల్మనైటు సంగతి అచ్చంగా ఇదే. ఇల్మనైటు అంటే ఇనుము, టైటానియం, ఆక్సిజన్ మూడూ కలిసిన రాయి. నూరు కిలోల శుద్ధమైన ఇల్మనైటులో ఇనుము సుమారు 37 కిలోలు, టైటానియం 31న్నర, ఆక్సిజన్ 31న్నర. అక్కడ మనిషికి ముందు కావలసింది ఈ మూడిట్లో ఏది? ఆక్సిజన్. ఊపిరికి కావాలి, తిరుగు ప్రయాణానికి ఇంకా ఎక్కువ కావాలి. క్రయోజెనిక్ ఇంజన్లో ఒక పాలు హైడ్రోజన్‌కి ఐదారు పాళ్ళు ఆక్సిజన్ పోస్తారు, రాకెట్టు మోసే బరువులో పెద్ద భాగం అదే. దాన్ని భూమి నుంచి మోసుకెళ్ళడమంటే గ్లేసియర్ మీదికి నీళ్ళ బిందెలు మోసినట్టే.

పద్ధతి వినడానికి సులువే. ఇల్మనైటుని తొమ్మిది వందలు, వెయ్యి డిగ్రీల వేడిలో పెట్టి హైడ్రోజన్ పంపిస్తే, ఇనుముతో ఉన్న ఆక్సిజన్ హైడ్రోజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఆ నీటిని కరెంటుతో విడగొడితే ఆక్సిజన్ ఒకవైపు, హైడ్రోజన్ ఒకవైపు. హైడ్రోజన్ మళ్ళీ కొలిమిలోకి పోతుంది, వృథా కాదు. మిగిలేది ఇనుము, టైటానియం ఆక్సైడు. ఈ దారిలో మూడు పాళ్ళ ఆక్సిజన్లో ఒక పాలే వస్తుంది, నూరు కిలోలకి పదిన్నర కిలోలు. ఒక మనిషికి రోజుకి కావలసింది సుమారు 840 గ్రాములు. అంటే ఎనిమిది కిలోల శుద్ధమైన ఇల్మనైటు ఒక మనిషి ఒకరోజు ఊపిరి. మట్టిలో పదోవంతు ఇల్మనైటు ఉందనుకుంటే 80 కిలోల మట్టి ఎత్తాలి. చంద్రుడి మీద బరువు ఆరో వంతే కాబట్టి అది చేతికి 13 కిలోలంత తగులుతుంది. ఇద్దరు జవాన్లుంటే లంగరుకి రేషను మోసినంత పని.

మిగతా ఆక్సిజన్ కూడా కావాలంటే వేరే దారి ఉంది. 2000లో కేంబ్రిడ్జి వాళ్ళు కరిగిన కాల్షియం క్లోరైడు ఉప్పులో టైటానియం ఆక్సైడుని ఉంచి, కరెంటు పంపి ఆక్సిజన్‌ని లాగేశారు, లోహం మిగిలింది. క్రోల్ పద్ధతిలాగ క్లోరిన్‌తో తతంగమంతా అక్కర్లేదు. ఆ పద్ధతినే నకిలీ చంద్రుడి మట్టి మీద వాడి చూశారు, యూరప్ అంతరిక్ష సంస్థ వాళ్ళు 2020లో నెదర్లాండ్స్‌లోని తమ కేంద్రంలో చిన్న ప్లాంటు పెట్టారు. ఊపిరి తీసుకోగా మిగిలిన లోహం ఊరికే వచ్చినట్టు. దాంతో పైపులు, తొట్లు, విరిగిన భాగాలకి బదులు భాగాలు. పగలు నూట ఇరవై డిగ్రీల వేడి, రాత్రి సున్నాకి నూట ముప్ఫై కింద చలి. ఆ రెండిటికీ తట్టుకునే లోహం టైటానియం. ఇంకో సుళువు, ఇక్కడ టైటానియం వెల్డింగు చెయ్యాలంటే గాలి తగలకుండా ఆర్గాన్ కప్పాలి. అక్కడ గాలే లేదు.

ఇదంతా కాగితం మీద, ప్రయోగశాలలో. ఇవాల్టిదాకా చంద్రుడి మీద ఒక్క గ్రాము ఆక్సిజన్ గానీ టైటానియం గానీ ఎవరూ తియ్యలేదు. అంగారకుడి మీద మాత్రం మాక్సీ అనే పెట్టె 2021 నుంచి 2023 దాకా అక్కడి గాలిలోంచి ఆక్సిజన్ తీసి చూపించింది. మొత్తం కలిపి 122 గ్రాములు. మనిషికి నాలుగు గంటల ఊపిరి కూడా కాదు. చంద్రుడి మీద పద్నాలుగు రోజుల రాత్రి ఉంది, గాజు పెంకుల్లా కోసే ధూళి ఉంది. భూమ్మీద లోహం చేతికి రావడానికి నూట యాభై ఏళ్ళు పట్టిందని ఇందాక చెప్పాను. అక్కడ అంత పట్టదు గానీ, మన కూతుళ్ళ పెళ్ళికి మాత్రం అందదు.

చట్టం గురించి రెండు ముక్కలు. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుణ్ణి ఏ దేశమూ తనదనుకోకూడదు. భారతదేశం కూడా అందులో ఉంది. తవ్వి తీసిన ఖనిజం ఎవరిదన్న దాని మీద వాదాలున్నాయి. అమెరికా 2015లో తన పౌరులకి ఆ హక్కు ఉందని చట్టం చేసుకుంది. 2023 జూన్‌లో మన దేశం ఆర్టెమిస్ ఒడంబడికలో సంతకం పెట్టింది. కానీ ఇవేవీ ఒక ఏజెంటు వచ్చి మనకి సర్వే నంబరు రాసిచ్చే హక్కు కావు. ఏ ప్రభుత్వానికీ లేని పట్టా వాడికెక్కడిది?

పదిహేను రోజుల తర్వాత ఆయన ఇంటికే వెళ్ళాను. కాగితాలు పరిచి లెక్కలన్నీ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అమ్మగారు టీ తెచ్చి పెట్టి లోపలికెళ్ళిపోయారు. తర్వాత ఆయన అడిగింది ఒకటే, "అయితే అక్కడ టైటానియం లేదంటావా?"

"ఉంది. చాలా ఉంది" అన్నాను.

ఇంకొంచెం ఆలోచించి ఆయనే అన్నారు. "అంటే పోస్టు మీద మంచు లాంటిదన్నమాట. పైనుంటే ప్రాణం. దాన్ని మూట కట్టి కిందకి తెచ్చి సంతలో అమ్ముతానంటే ఎవడు కొంటాడు." నేను పదిహేను రోజులు చదివింది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశారు. గ్లేసియర్ మీద మేమిద్దరం ఒకే టెంటులో ఉన్నాం మరి.

మూడు లక్షలు కట్టలేదు. ముందు కట్టిన రెండు లక్షల డెబ్బై వేలు పోయాయి. 1930 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, పోలీసు స్టేషన్లోనూ ఇచ్చాం. ఆలస్యమైందన్నారు. ఇలాంటి వాటిలో డబ్బు పంపిన మొదటి గంటల్లో చెబితేనే ఆపడానికి వీలుంటుందట, మీరు ఆ నంబరు రాసుకోండి. పెళ్ళి మాత్రం ఆగలేదు. మా బ్యాచ్ వాళ్ళం తలా కొంత సర్దాం, ఆయన నెలనెలా తీర్చేస్తున్నారు, వద్దన్నా వినట్లేదు. ఇంతకంటే చెబితే ఆయన నా మీద కోప్పడతారు, ఈ హాల్లోనే ఉన్నారు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు, బయట టీ కూడా వచ్చినట్టుంది. స్క్రూలు వెనక వరసల దాకా చేరాయా? రెండూ జాగ్రత్తగా ఇటు పంపించెయ్యండి. ఉక్కుది పోతే పోయింది, పది రూపాయలది. తేలిగ్గా ఉన్నది మాత్రం నా కాలిది, మళ్ళీ దొరకదు.

జై హింద్.